సెంటాస్ 7 మీద మరియాడీబీ 10.11 కంటైనర్ లేవట్లేదు, "కాంట్ ఇనిషియలైజ్ టైమర్స్" అంటోంది. డేటా ఫోల్డర్ తీసెయ్యాలా?

మిల్లు_సర్వర్ · శుక్రవారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. మాది తాడేపల్లిగూడెం దగ్గర రైసు మిల్లు. నేను డీబీఏని, అంటే డేటాబేస్ నిపుణుణ్ణి, కాదు. మిల్లు లెక్కలూ కంప్యూటర్లూ రెండూ నేనే చూసుకుంటాను. లారీ కాటా ఎక్కగానే తూకం సీరియల్ కార్డు గుండా సర్వర్‌కి వచ్చి మరియాడీబీ డేటాబేస్‌లో పడుతుంది, చీటీ ప్రింటవుతుంది. ఆ కార్డు డ్రైవరు సెంటాస్ 7 అనే లినక్స్ ఓఎస్ కెర్నల్‌కే, అంటే దాని మూలభాగానికే, కట్టి ఇచ్చారు. అందుకే ఇన్నేళ్లూ ఓఎస్ జోలికి పోలేదు.

ఈ మధ్యాహ్నం సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు ఫోన్ చేసి, మరియాడీబీ 10.6 పాతదైపోయింది, 10.11 పెట్టుకోండి అన్నారు. మరియాడీబీ డాకర్ కంటైనర్‌లో, అంటే విడిగా కట్టిన పెట్టెలాంటి దాంట్లో, నడుస్తుంది. దాని కంపోజ్ (సెట్టింగ్‌ల) ఫైల్‌లో వెర్షన్ అంకె మార్చి కంటైనర్ లేపాను. అప్పట్నుంచి లేవడం, పడిపోవడం, మళ్లీ లేవడం. లాగ్‌లో ఎంట్రీపాయింట్ స్క్రిప్ట్ మొదలైందని ఒక లైను, దాని కిందే "కాంట్ ఇనిషియలైజ్ టైమర్స్" అని ఇంకో లైను. అంతే.

వాళ్లకి మళ్లీ ఫోన్ చేస్తే, డేటా ఫోల్డర్ పాడై ఉంటుంది, తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయండి అంటున్నారు. బ్యాకప్ బుధవారం నాటిది ఉంది. ఖరీఫ్ ధాన్యం వస్తున్న రోజులు, పొద్దున్న 6 గంటలకల్లా లారీలు గేటు దగ్గరుంటాయి. తీసెయ్యమంటారా?

రాత్రి_డ్యూటీ · రాత్రి 10:57

వద్దు. ఫోల్డర్ ముట్టుకోవద్దు. ముందు కంటైనర్ ఆపండి, పడి లేవడం ఆగిపోవాలి. ఆపాక డేటా ఫోల్డర్ మొత్తాన్ని, ఓనర్‌షిప్ పర్మిషన్లతో సహా, వేరే డిస్కు మీదికి కాపీ తీయండి. అది అయ్యాకే తర్వాతి మాట.

కాపీ నడుస్తుండగా ఇవి చెప్పండి: డాకర్ వెర్షన్ ఎంత, లిబ్‌సెక్‌కాంప్ (ప్రోగ్రాములు కెర్నల్‌ని అడిగే కోరికల్ని వడకట్టే లైబ్రరీ) వెర్షన్ ఎంత, డేటా ఫోల్డర్‌లో ఐబీడేటా1 అనే ముఖ్య డేటా ఫైలు చివరిసారి ఎప్పుడు మారింది.

మిల్లు_సర్వర్ · రాత్రి 11:16

ఆపాను. కాపీ అవుతోంది, 14 జీబీ ఉంది. డాకర్ 19.03. లిబ్‌సెక్‌కాంప్ 2.3.1. ఐబీడేటా1 మీద మధ్యాహ్నం 2:41 అని ఉంది. నేను పాత కంటైనర్ ఆపింది కూడా ఆ టైముకే. కొత్తది లేపింది 2:50 తర్వాత.

కంటైనర్_బాబు · రాత్రి 11:20

అన్నా, ప్రివిలేజ్డ్ అని పెట్టి రన్ చెయ్యి. నాకు ఇలాంటిదే వస్తే దాంతో పోయింది. రెండు నిమిషాల పని.

సికింద్రాబాద్_డీబీఏ · రాత్రి 11:34

ఐబీడేటా1 టైము చూశాక నాకు ధైర్యం వచ్చింది. మీ డేటా పాడవలేదు మిల్లు గారూ. కొత్త మరియాడీబీ దాన్ని తెరవనే లేదు. ఆ టైమర్ల పని ఇన్నోడీబీ (డేటా ఫైళ్లు చదివి రాసే భాగం) లేవడానికి ముందే జరుగుతుంది. అక్కడే పడిపోయింది కాబట్టి 10.11 మీ ఫైళ్లలో ఒక్క బైటు కూడా రాయలేదు. అంటే వెనక్కి 10.6కి వెళ్లడానికి అడ్డు లేదు. 10.11 ఒక్కసారి లేచి ఫైళ్లు మార్చి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు.

బాబు గారూ, ప్రివిలేజ్డ్‌తో లేస్తుందన్నది నిజమే. ఎందుకు లేస్తుందంటే ఆ మాటతో సెక్‌కాంప్ ఫిల్టర్ తీసేసినట్టవుతుంది. కానీ దాంతోపాటు హోస్ట్ డివైస్‌లన్నీ, కేపబిలిటీలన్నీ (రూట్ అధికారాలు) కంటైనర్ చేతిలో పెట్టినట్టు కూడా అవుతుంది. కాటా కార్డు ఉన్న మిషన్ మీద అది వద్దు. మరీ తప్పని రాత్రి అయితే సెక్‌కాంప్ ఒక్కదాన్నే అన్‌కన్‌ఫైన్డ్ అని పెట్టి లేపచ్చు, అదీ తెల్లారేదాకే.

అసలు రోగం ఏమిటో నా అనుమానం చెప్తాను. రుజువు కోసం ఒక పని చేయండి. కాపీ పూర్తయ్యాక, అసలు ఫోల్డర్ కాకుండా ఏదైనా ఖాళీ ఫోల్డర్ ఇచ్చి 10.11ని ఒక్కసారి లేపండి. లేపే ముందు హోస్ట్ మీద కంటైనర్‌డీ (కంటైనర్లని లేపే సేవ) పీఐడీకి ఎస్‌ట్రేస్ తగిలించండి, ఏ ప్రాసెస్ కెర్నల్‌ని ఏం అడిగిందో అది చూపిస్తుంది. పిల్ల ప్రాసెస్‌లన్నిటి వెంటా వెళ్లేలా ఎఫ్ ఆప్షన్ ఇచ్చి, అవుట్‌పుట్ ఫైల్‌లోకి పంపండి. పడిపోయే ముందు చివరి 20 లైన్లు ఇక్కడ పెట్టండి.

మిల్లు_సర్వర్ · రాత్రి 11:58

కాపీ అయింది. ఎస్‌ట్రేస్ ముందే ఉంది, మీరు చెప్పినట్టే చేశాను. ఖాళీ ఫోల్డర్‌తో కూడా అదే మాట అని పడిపోయింది. చివర్లో ఈ లైను కనిపిస్తోంది, మిగతావి అర్థం కాలేదు:

సిస్కాల్_435 ... ఈక్వల్స్ మైనస్ 1, ఈపర్మ్, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్

దాని వెంటనే ఆ టైమర్ల మాట రాసి బయటికి వచ్చేసింది.

సికింద్రాబాద్_డీబీఏ · శనివారం రాత్రి 12:21

దొరికింది. ఖాళీ ఫోల్డర్‌తో కూడా అలాగే పడిందంటే, డేటా తీసేసినా మీకు ఒరిగేదేమీ లేదన్నమాట.

435 అంటే క్లోన్3 అనే సిస్టమ్ కాల్, అంటే ప్రోగ్రాము కెర్నల్‌ని అడిగే ఒక కోరిక. మీ ఎస్‌ట్రేస్‌కి దాని పేరు కూడా తెలియదు, అందుకే అంకె వేసింది. లినక్స్ 5.3లో వచ్చింది, మీది 3.10. 2021 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ (ప్రోగ్రాములకీ కెర్నల్‌కీ మధ్య ఉండే లైబ్రరీ) 2.34 నుంచి కొత్త త్రెడ్ (ప్రోగ్రాములో విడిగా నడిచే పని) పుట్టించాలంటే ముందు క్లోన్3ని పిలుస్తారు. 10.11 ఇమేజ్ (కంటైనర్ లేపే మూస) ఉబుంటు 22.04 మీద కట్టింది, అందులో జీలిబ్‌సీ 2.35. 10.6 మీకు నడిచిందంటే అది ఉబుంటు 20.04 మీదిది, జీలిబ్‌సీ 2.31. దానికి క్లోన్3 ఊసే లేదు.

మరి కెర్నల్ పాతదైతే పడిపోవాల్సిందేనా? కాదు. జీలిబ్‌సీ రాసినవాళ్లు పాత కెర్నళ్లని మర్చిపోలేదు. క్లోన్3 అడిగినప్పుడు కెర్నల్ "లేదు" అంటే, అంటే ఈనోసిస్ వస్తే, సరే అనుకుని పాత క్లోన్‌తో త్రెడ్ పుట్టిస్తారు. ఎవరికీ తెలియకుండా పని జరిగిపోతుంది. మీ 3.10 కెర్నల్‌ని నేరుగా అడిగి ఉంటే అది "లేదు" అనే చెప్పేది.

కానీ మీ కంటైనర్ కెర్నల్‌ని అడగలేకపోయింది. మధ్యలో డాకర్ సెక్‌కాంప్ ఫిల్టర్ ఉంది. అది తన జాబితాలో లేని నంబరు వస్తే కెర్నల్ దాకా పోనివ్వదు, తనే జవాబిస్తుంది. 19.03 నాటికి ఆ జవాబు ఈపర్మ్, అంటే "వీల్లేదు". "లేదు"కి ఇంకో దారి వెతుక్కోవచ్చు. "వీల్లేదు"కి వెతకకూడదు, ఎవరో కావాలని ఆపారని దానర్థం. జీలిబ్‌సీ ఆ మాటని గౌరవించి ఆగిపోయింది. త్రెడ్ పుట్టలేదు, టైమర్ త్రెడ్ లేకుండా మరియాడీబీ లేవదు.

కంటైనర్‌లో షెల్ స్క్రిప్ట్ దాకా బాగానే నడిచింది చూడండి. కొత్త ప్రాసెస్ పుట్టించే ఫోర్క్ పాత క్లోన్ దారినే వెళ్తుంది. మొదటి త్రెడ్ దగ్గరే తగిలింది. ఎర్రర్ చూస్తే గడియారం సంగతిలా ఉంటుంది, అసలు సంగతి త్రెడ్‌ది.

డాకర్ 20.10.10లో దీన్ని సరిచేశారు. ఈ రాత్రికి మాత్రం 10.6 పెట్టి, అసలు డేటా ఫోల్డర్‌తో లేపండి. రేపటి లారీలు గడిచాక డాకర్ సంగతి చూద్దాం.

మిల్లు_సర్వర్ · రాత్రి 12:33

10.6 లేచింది మేడమ్. చివరి చీటీ నంబరు స్క్రీన్ మీద కనబడింది. కాటా మీద నేనే ఎక్కి నిలబడి టెస్ట్ చీటీ తీశాను, 70 కిలోలు అని ప్రింటయింది. ఏం చెప్పాలో తెలియట్లేదు. పడుకుంటాను, 5:30కి లేవాలి.

కంటైనర్_బాబు · శనివారం ఉదయం 8:10

మేడమ్, ప్రివిలేజ్డ్ ఎందుకు పనిచేస్తోందో నాకు ఇవాళే తెలిసింది. మా ఆఫీసులో మూడు చోట్ల అలాగే వదిలేశాను. సోమవారం తీసేస్తాను.

ఒక డౌట్. మాకు ఒక పాత డెల్ సర్వర్ మీద మైఎస్‌క్యూఎల్ కొత్త ఇమేజ్ కూడా ఇలాగే లేవట్లేదు. "ఫేటల్ జీలిబ్‌సీ ఎర్రర్" అని, సీపీయూ ఎక్స్86-64-వీ2 సపోర్ట్ చెయ్యదు అని వస్తోంది. ఇదీ అదేనా?

రాత్రి_డ్యూటీ · ఉదయం 8:26

కాదు. అది సిస్టమ్ కాల్ కాదు, సీపీయూ సంగతి. ఒరాకిల్ లినక్స్ 9 మీద కట్టిన ఇమేజ్‌లకి ఆ స్థాయి సీపీయూ ఉండాలి. డాకర్ మార్చినా, సెక్‌కాంప్ తీసినా మారదు. ఒరాకిల్ లినక్స్ 8 మీది ట్యాగ్ వాడండి. వర్చువల్ మిషన్ అయితే సీపీయూ మోడల్ ఏం పెట్టారో చూడండి. అసలు సీపీయూ కొత్తదే అయినా, హైపర్‌వైజర్ పాత మోడల్ చూపిస్తూ ఉండచ్చు.

పాతకెర్నల్ · ఉదయం 9:02

మా దగ్గర సెంటాస్ 6 ఇంకా ఒకటుంది, కెర్నల్ 2.6.32. అందులో కొత్త కంటైనర్ల మాట అడక్కండి. "ఫేటల్: కెర్నల్ టూ ఓల్డ్" అని మొదటి లైన్లోనే చెప్పేస్తుంది. జీలిబ్‌సీ 2.26 నుంచి కనీసం 3.2 కెర్నల్ కావాలి. మొహం మీదే చెప్పేస్తుంది కాబట్టి అది నాకు ఎప్పుడూ బాధ పెట్టలేదు. సెంటాస్ 7తోనే ఇబ్బంది, సగం పనులు అవుతాయి, సగం ఇలా అడ్డం తిరుగుతాయి.

డల్లాస్_డీబీఏ · ఉదయం 9:40

థ్రెడ్ మొత్తం చదివాను. సికింద్రాబాద్ గారు చెప్పిన లేదు, వీల్లేదు తేడా ఇంత తేలిగ్గా చెప్పడం నేను ఎక్కడా చూడలేదు. దానికి ఒకటి కలుపుతాను, ఎందుకంటే 3.10 కెర్నల్ అనగానే నాకు దడ పుట్టేది దీని గురించే. మూడో జవాబు ఒకటుంది: పని కాకపోయినా "అయిపోయింది" అనడం.

ఎఫ్‌సింక్ సంగతి. డేటాబేస్ రాసినది ముందు కెర్నల్ పేజ్ క్యాష్‌లో, అంటే మెమరీలో, ఉంటుంది. డిస్కు మీద నిజంగా పడిందా అని అడగడమే ఎఫ్‌సింక్. డిస్కు రాయలేకపోతే ఈఐఓ అనే ఎర్రర్ వస్తుంది. అప్పుడు డేటాబేస్ కాసేపాగి మళ్లీ ఎఫ్‌సింక్ అడుగుతుంది. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ ఎన్నో ఏళ్లు అలాగే చేసింది. రెండోసారి సక్సెస్ వస్తే రాసేసినట్టే కదా అనుకుంది.

లినక్స్‌లో అది అలా జరగదు. రాయడం విఫలమయ్యాక కెర్నల్ ఆ పేజీలని శుభ్రంగా ఉన్నట్టు గుర్తు పెట్టేస్తుంది. రెండోసారి అడిగితే రాయాల్సిన మురికి పేజీలే లేవు కాబట్టి సక్సెస్ అంటుంది. డేటా డిస్కు మీద లేదు, లాగ్‌లో చెక్‌పాయింట్ (అప్పటిదాకా రాసినదంతా డిస్కుకి చేర్చడం) పూర్తయిందని ఉంటుంది. ఇది 2018 మార్చిలో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ల లిస్ట్‌లో బయటపడింది. 4.13 కంటే ముందు కెర్నళ్లలో ఇంకో చిక్కు: ఎర్రర్ ఎవరికీ చేరకుండానే మాయమైపోగలదు.

పోస్ట్‌గ్రెస్ వాళ్లు 2019 ఫిబ్రవరిలో 11.2, 10.7, 9.6.12 లాంటి రిలీజ్‌లలో పద్ధతి మార్చారు. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైతే ప్యానిక్ అయి పడిపోవడమే, వాల్ (మార్పులు ముందుగా రాసుకునే లాగ్) నుంచి రికవరీ చేసుకుంటూ లేవడమే. మళ్లీ అడగడం లేదు. డేటా_సింక్_రీట్రై అనే సెట్టింగ్ ఉంది, ఆఫ్‌లోనే ఉంచండి. "సర్వర్ ఊరికే పడిపోతోంది" అని దాన్ని ఆన్ చేసినవాళ్లని చూశాను. సర్వర్ ఊరికే పడట్లేదు, డిస్కు పోతోందని చెప్తోంది.

మిల్లు గారూ, మీది మరియాడీబీ. 10.6 నుంచి డిఫాల్ట్‌గా డేటా ఫైళ్లు ఓ_డైరెక్ట్‌తో తెరుస్తుంది కాబట్టి అవి పేజ్ క్యాష్ మీదుగా వెళ్లవు. రీడూ లాగ్, బిన్‌లాగ్ (మార్పుల చిట్టాలు) మాత్రం మీ వెర్షన్‌లో దాని మీదుగానే. ఒక్కసారి డీమెసేజ్ (కెర్నల్ సందేశాల) లాగ్‌లో "ఐ/ఓ ఎర్రర్" అని వెతకండి. ఏమీ లేకపోతే మంచిదే.

మిల్లు_సర్వర్ · మధ్యాహ్నం 1:15

పొద్దున్నుంచి 31 లారీలు దిగాయి, ఒక్క చీటీ కూడా ఆగలేదు. అన్నం తిని ఇప్పుడే వెతికాను. ఉన్నాయండీ. గురువారం రాత్రి 2 గంటలప్పుడు నాలుగు లైన్లు:

బఫర్ ఐ/ఓ ఎర్రర్ ఆన్ డెవ్ ఎస్‌డీఏ3, లాజికల్ బ్లాక్ ఫలానా, లాస్ట్ అసింక్ పేజ్ రైట్

ఎస్‌డీఏ3 మీదే డేటా ఫోల్డర్ ఉంది. ఇది ఎంత పెద్ద విషయం?

డల్లాస్_డీబీఏ · మధ్యాహ్నం 1:22

పెద్ద విషయం. "లాస్ట్ పేజ్ రైట్" అంటే అర్థం అదే, రాయమని ఇచ్చిన పేజీ పోయింది. ఏ ఫైలుదో ఆ లైను చెప్పదు. డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ (చదవలేకపోతున్న) సెక్టార్లు చూడండి. ఇప్పుడే మొత్తం డంప్ (డేటా అంతా బయటికి రాసిన కాపీ) తీయండి, వేరే డిస్కు మీదికి. డంప్ తీస్తే టేబుళ్లలో వరసలన్నీ చదవాల్సిందే, దారిలో చెక్‌సమ్ (పేజీ చెడిందో లేదో తేల్చే లెక్క) తప్పిన పేజీ తగిలితే ఇన్నోడీబీ దాన్ని ముందుకు పోనివ్వదు. దాని తర్వాత మరియాడీబీ ఆపి ఇన్నోచెక్‌సమ్‌తో ప్రతి ఐబీడీ (టేబుల్ డేటా) ఫైలూ చూడండి. డంప్ పెద్దగా ముట్టుకోని సెకండరీ ఇండెక్స్ పేజీలు అప్పుడు బయటపడతాయి.

రాత్రి_డ్యూటీ · మధ్యాహ్నం 1:30

పై మాటకి తోడు: పాత బుధవారం బ్యాకప్ మీద ఈ కొత్త డంప్ రాసెయ్యొద్దు. రెండూ ఉండాలి. ఎర్రర్ గురువారం రాత్రిది. బుధవారం బ్యాకప్ దానికి ముందుది, ఇప్పుడు అది బంగారం.

విండోస్_ల్యాప్‌టాప్ · మధ్యాహ్నం 3:05

డల్లాస్ గారు చెప్పిన ప్యానిక్ మార్పు వచ్చినప్పుడు నేను డబ్ల్యూఎస్ఎల్ మొదటి వెర్షన్ మీద పోస్ట్‌గ్రెస్‌తో పనిచేసేవాణ్ణి. 11.2 పెట్టగానే సర్వర్ లేవడం ఆలస్యం పడిపోయేది. "కుడ్ నాట్ ఫ్లష్ డర్టీ డేటా: ఫంక్షన్ నాట్ ఇంప్లిమెంటెడ్". రెండు రోజులు నా డిస్కు పోయిందనే అనుకున్నాను. డిస్కుకి ఏమీ కాలేదు. అది అసలైన లినక్స్ కెర్నల్ కాదు, విండోస్ లోపల లినక్స్ కాల్స్‌కి అనువాదం. సింక్_ఫైల్_రేంజ్ అనే కాల్ అందులో రాయలేదు, నిజాయితీగా ఈనోసిస్ అంది. పోస్ట్‌గ్రెస్ ఆ "లేదు"ని కూడా డిస్కు ఎర్రర్‌గానే తీసుకుని ప్యానిక్ అయింది.

2019 మేలో 11.3లో సరిచేశారు. సింక్_ఫైల్_రేంజ్ అంటే "కాస్త ముందుగా రాయడం మొదలుపెట్టు" అనే సూచన మాత్రమే, అది లేకపోయినా తర్వాత ఎఫ్‌సింక్ ఉంటుంది. కాబట్టి దానికి "లేదు" వస్తే వదిలేసి ముందుకు పోవచ్చు. డేటాబేస్ కోడ్ రాసేవాళ్లకి ఎంత కష్టమో అప్పుడు అర్థమైంది. ఏ ఎర్రర్‌కి ఆగాలి, దేనికి సాగాలి అన్నది కాల్ కాల్‌కీ విడిగా ఆలోచించాలి.

కరీంనగర్_పట్వారి · సాయంత్రం 5:48

అందరు ఓఎస్ మార్చు అంటరు, మార్చేటోళ్లు జెర నా ముచ్చట ఇనున్రి. మేం ఇంటి పన్ను లెక్కల డేటాబేస్ ఒకటి జూస్తం, పోస్ట్‌గ్రెస్. సెంటాస్ 7 నుంచి రాకీ 8 లినక్స్‌కి పోయినం. స్ట్రీమింగ్ రెప్లికా (నడుస్తున్న డేటాబేస్‌కి నకలు) పెట్టి, అది పట్టుకున్నంక దాన్నే ప్రైమరీ జేసినం. మంచిగనే లేసింది. మూడు రోజులకి ఒకాయన వచ్చి నా ఇల్లు మీ కంప్యూటర్ల లేదంటున్నరు అన్నడు. డోర్ నంబర్ కొడితే రాదు. టేబుల్ మొత్తం స్క్రోల్ జేస్తే ఉన్నది!

సంగతేందంటే, సెంటాస్ 7ల జీలిబ్‌సీ 2.17, రాకీ 8ల 2.28. 2.28ల అక్షరాల వరస లెక్క మారింది. మన డోర్ నంబర్లల్ల గీతలుంటయి గద. "1-1", "11" అని రెండు లైన్లు ఇచ్చి ఇంగ్లిష్ యూఎస్ యూటీఎఫ్-8 వరసల సార్ట్ కొడితే, పాతదాంట్ల 11 ముందొస్తది, కొత్తదాంట్ల 1-1 ముందొస్తది. ఇండెక్స్ పాత వరసల కట్టి ఉన్నది, కొత్త లైబ్రరీ కొత్త వరసల దేవులాడుతున్నది. ఇంక దొరుకుతదా? యూనిక్ ఇండెక్స్ ఉన్నా అదే డోర్ నంబర్ రెండోసారి ఎక్కింది, 9 ఇండ్లకి గట్లయింది. టెక్స్ట్ ఇండెక్సులన్ని రీఇండెక్స్ జేసినం, దానికి ముందు ఆ డూప్లికేట్లని చేతితోని కలపాల్సి వచ్చింది. డంప్ తీసి కొత్త మిషన్ల లోడ్ చేసుంటే ఈ బాధ ఉండకపోవు, ఇండెక్సులు అక్కడ్నే కొత్తగ కడుతయి గద.

సికింద్రాబాద్_డీబీఏ · సాయంత్రం 6:20

పట్వారి గారూ, డోర్ నంబర్ల ఉదాహరణ నేను ఇక మా పిల్లలకి చెప్పేస్తాను. మిల్లు గారికి మాత్రం ఈ భయం అక్కర్లేదు. మరియాడీబీ అక్షరాల వరస తన లోపలే పెట్టుకుంటుంది, జీలిబ్‌సీని అడగదు. ఇది పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్ల కోసం.

మిల్లు గారూ, డంప్ ఏమైంది?

మిల్లు_సర్వర్ · రాత్రి 9:35

డంప్ చివరిదాకా వచ్చింది, ఎక్కడా ఆగలేదు. కాటా బంద్ అయ్యాక మరియాడీబీ ఆపి ఇన్నోచెక్‌సమ్ కూడా చేశాను, అన్ని ఐబీడీ ఫైళ్లూ బాగానే ఉన్నాయి. స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు 8.

నాకు అయినా తృప్తి కలగలేదు. గురువారం రాత్రి 2 గంటలప్పుడు కాటా నడవదు, కానీ బుధవారం రాత్రి బస్తాల లెక్క ఆలస్యంగా ఎక్కించాం. అందుకని మా గుమాస్తా, నేను కూర్చుని బుధ, గురు, శుక్రవారాల కార్బన్ చీటీలన్నీ తీసి నంబరు నంబరుకీ స్క్రీన్ మీద చూసుకున్నాం. 212 చీటీలు. తూకం, రైతు పేరు, లారీ నంబరు, అన్నీ కలిశాయి. పోయిన పేజీ ఏదో పాత లాగ్ ఫైలుదో, వేరేదో అయ్యుండాలి.

రేపు ఆదివారం, కాటా సెలవు. కొత్త ఎస్‌ఎస్‌డీ ఏలూరు నుంచి మా బావమరిది తెస్తున్నాడు. రేపే డిస్కూ మార్చి, డాకర్ కూడా ఎక్కిద్దామనుకుంటున్నాను. కానీ ప్యాకేజీలు దించే యమ్ పనిచెయ్యట్లేదు. మిర్రర్‌లిస్ట్ దొరకట్లేదంటోంది.

పాతకెర్నల్ · రాత్రి 9:50

సెంటాస్ 7 గడువు 2024 జూన్ 30తో అయిపోయింది, మిర్రర్‌లిస్ట్ సర్వర్ తీసేశారు. ప్యాకేజీలు వాల్ట్ (పాతవి దాచే) సర్వర్‌లో ఉన్నాయి. యమ్ రిపో ఫైళ్లలో మిర్రర్‌లిస్ట్ లైన్లు కామెంట్ చేసి, బేస్‌యూఆర్ఎల్ లైన్లలో మిర్రర్ డాట్ సెంటాస్ డాట్ ఆర్గ్ అన్న చోట వాల్ట్ డాట్ సెంటాస్ డాట్ ఆర్గ్ పెట్టండి. ఎక్స్‌ట్రాస్ రిపో కూడా మార్చడం మర్చిపోవద్దు, డాకర్‌కి కావాల్సిన కంటైనర్-ఎస్‌ఈలినక్స్ అందులోనుంచే రావాలి. డాకర్ వాళ్ల సొంత రిపోలో సెంటాస్ 7 ప్యాకేజీలు ఇంకా ఉన్నాయి.

డాకర్‌తో పాటు కంటైనర్‌డీ ప్యాకేజీ కూడా ఎక్కించాలి, అది ముఖ్యం. కంటైనర్‌ని నిజంగా నడిపే రన్‌సీ అందులోనే వస్తుంది. మీ లిబ్‌సెక్‌కాంప్ 2.3.1కి క్లోన్3 అనే పేరు తెలియదు. తన జాబితా కంటే కొత్త నంబరు వస్తే "వీల్లేదు" అనకుండా "లేదు" అనే తెలివి రన్‌సీ 1.0 ఆర్‌సీ93 నుంచి ఉంది.

కెర్నల్ మాత్రం ముట్టుకోకండి, మీ కాటా డ్రైవరు దానికే కట్టింది. యమ్‌కి కెర్నల్ ప్యాకేజీలు వదిలెయ్యమని ఎక్స్‌క్లూడ్ లైను పెట్టండి.

రాత్రి_డ్యూటీ · రాత్రి 9:58

ఒకేరోజు రెండూ వద్దని నా సలహా. ఆదివారం డిస్కు మార్చండి, పాత డాకర్, పాత 10.6 తోనే. సోమవారం లారీలు వెళ్లనివ్వండి. డాకర్ వచ్చే ఆదివారం. ఏదైనా చెడితే ఏది మార్చినందుకు చెడిందో తెలియాలి.

మిల్లు_సర్వర్ · తర్వాతి ఆదివారం సాయంత్రం 6:40

వారం తర్వాత చెప్తున్నాను. డిస్కు పోయిన ఆదివారమే మార్చాను. ఇవాళ డాకర్, కంటైనర్‌డీ ఎక్కించి, మళ్లీ డంప్ తీసుకుని, 10.11 లేపాను. మొదటిసారే లేచింది. అప్‌గ్రేడ్ కమాండ్ కూడా నడిపాను. ఈసారి ఎస్‌ట్రేస్ మళ్లీ పెట్టి చూశాను, ఉండబట్టలేక. సిస్కాల్_435 పక్కన ఈపర్మ్ లేదు, ఈనోసిస్ ఉంది. ఆ కింది లైన్లోనే క్లోన్, దాని పక్కన త్రెడ్ నంబరు. మేడమ్ చెప్పింది కళ్లతో చూశాను.

లాగ్‌లో ఒక వార్నింగ్ మాత్రం కొత్తగా ఉంది: "లిబ్‌యూరింగ్ డిసేబుల్డ్, ఫాలింగ్ బ్యాక్ టు ఇన్నోడీబీ_యూజ్_నేటివ్_ఏఐఓ ఆఫ్". భయపడాలా?

సికింద్రాబాద్_డీబీఏ · సాయంత్రం 6:55

అక్కర్లేదు. ఐఓ_యూరింగ్, అంటే కెర్నల్‌కి డిస్కు పనులు అప్పగించే పద్ధతి, కెర్నల్ 5.1లో వచ్చింది, మీ 3.10లో లేదు. మరియాడీబీ అడిగింది, "లేదు" అన్నారు, తన త్రెడ్లతోనే రాసుకుంటానని మీకు చెప్పి మరీ ముందుకెళ్లింది. మీ లోడ్‌కి తేడా తెలియదు. వార్నింగ్ రాకూడదనుకుంటే ఆ సెట్టింగ్ మీరే కాన్ఫిగ్‌లో ఆఫ్ అని పెట్టేయండి.

ఒక్కటి మాత్రం చేయండి. డీమెసేజ్‌లో ఐ/ఓ ఎర్రర్ కనిపిస్తే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా చిన్న క్రాన్ స్క్రిప్ట్ పెట్టుకోండి. డిస్కు మారింది కానీ కెర్నల్ అదే.

మిల్లు_సర్వర్ · రాత్రి 8:12

పెట్టాను. పది నిమిషాలకోసారి చూస్తుంది. కాటా డ్రైవరు కొత్త కెర్నల్‌కి కట్టిస్తారేమోనని కార్డు అమ్మినవాళ్లకి కూడా ఇవాళ ఫోన్ చేశాను. సంక్రాంతి తర్వాత మనిషిని పంపుతామన్నారు. అప్పటికి నేను రాకీ వేసిన పాత కంప్యూటర్ ఒకటి పక్కన సిద్ధం చేసి ఉంచుతాను.